సాయంత్రం వార్తలకల్లా శాంతి

బద్ధశత్రువులైన రెండు దేశాల అధినేతలు కలుస్తున్నారంటే ఆ రోజు మన నెత్తిన ఎంత పని పడుతుందో వాళ్లు ఏనాడైనా ఆలోచించారా? విమానం మెట్ల దగ్గర ఎవరు ముందు చెయ్యి చాచారో చూడాలి. ఎవరి అరచెయ్యి పైనుంది, ఎవరిది కిందుంది గమనించాలి. ఎన్ని సెకన్లు ఊపారో లెక్కపెట్టాలి. భుజం తట్టినవాడు పెద్దా, తట్టించుకున్నవాడు పెద్దా తేల్చాలి. ఇంతలో తలుపు మూసుకుంటుంది. అసలు కష్టం అక్కడ మొదలు. మూసిన తలుపును గంటల తరబడి చూస్తూ కూర్చోవాలి. దాని వెనక ఏం జరుగుతోందో బొత్తిగా తెలియని నలుగురు, తమకు తెలియదన్న సంగతినే నాలుగు రకాలుగా విడమరిచి చెబుతుంటే వినాలి. ఇంత సేవ చేసి మనం అడుగుతున్నదల్లా ఒక్కటే. మూడు తరాల పగ సాయంత్రం వార్తలకల్లా తీరిపోవాలి. ఇదేమన్నా గొంతెమ్మ కోరికా?

రాయబారుల హక్కుల కోసం 1961లో దేశదేశాల ప్రతినిధులు వియన్నాలో కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. రాయబారిని అరెస్టు చేయకూడదు, దౌత్య సంచీని విప్పి చూడకూడదు. మంచిదే. మరి ప్రేక్షకుడి గతేమిటి? వాడి ఆశకు ఏ ఒప్పందం కాపలా కాస్తోంది? అదే ఏడాది జూన్ 3, 4 తేదీల్లో, అదే వియన్నాలో, అమెరికా అధ్యక్షుడు కెనెడీ, సోవియట్ నేత క్రుశ్చేవ్ కలుసుకున్నారు. లోకమంతా ఊపిరి బిగబట్టింది. ఆగస్టు 13న తెల్లారేసరికి బెర్లిన్ నడిమధ్య ముళ్లకంచె లేచింది, ఆనక అదే గోడైంది. బిగబట్టిన ఊపిరికి నష్టపరిహారం సంగతి ఇవ్వాళ్టి వరకూ ఎవరూ ఎత్తలేదు.

శాంతి చర్చల చరిత్ర తిరగేస్తే ముందుగా కళ్లకు కొట్టొచ్చేది నిర్లక్ష్యం. యూరప్‌లో ముప్పై ఏళ్ల యుద్ధాన్ని ఆపడానికి వెస్ట్‌ఫాలియాలో పెట్టుకున్న చర్చలు 1648లో తెమిలేసరికి ఏళ్లు గడిచాయి. పవిత్ర రోమన్ చక్రవర్తి మనుషులు ఫ్రాన్స్‌తో మాట్లాడటానికి ఒక ఊరు, స్వీడన్‌తో మాట్లాడటానికి ఇంకో ఊరు. 1699లో ఒట్టోమన్ తుర్కులకూ యూరప్ రాజ్యాలకూ సంధి కుదిరిన కార్లోవిట్స్‌లో ఎవరు ముందు లోపలికి అడుగుపెట్టాలన్న పేచీ తీరడానికి నాలుగు తలుపులున్న గది కట్టించారట. నాలుగూ ఒకేసారి తెరిస్తే ఎవరూ వెనకబడరు కదా! ఆ రోజుల్లో టీవీలు లేవు గనక సరిపోయింది. ఒక్క తలుపును చూడ్డానికే మనకు ఓపిక చాలడం లేదు, నాలుగు తలుపులంటే మాటలా?

పారిస్ బల్ల సంగతి మరీ అన్యాయం. వియత్నాం యుద్ధం మీద 1968లో పారిస్‌లో మొదలైన చర్చలు, ఆ ఏడాది చివర్లో నాలుగు పక్షాలూ కూర్చోవలసిన దశకు వచ్చేసరికి, బల్ల ఏ ఆకారంలో ఉండాలన్న దగ్గర ఆగిపోయాయి. దక్షిణ వియత్నాంలో పోరాడుతున్న జాతీయ విమోచన ఫ్రంట్‌ది కూడా సమాన హోదాయేనని ఉత్తర వియత్నాం రాజధాని హనోయ్ వాదన. అలాంటి ఫ్రంటును విడి పక్షంగా గుర్తించే ప్రసక్తే లేదని దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ వాదన. వాళ్లకు నాలుగు వైపులు కనిపించాలి, వీళ్లకు రెండే కనిపించాలి. నమూనాల మీద నమూనాలు గీశారు. సుమారు పది వారాలు గడిచాక, 1969 జనవరిలో, మధ్యలో ఒక గుండ్రటి బల్ల, దానికి అటూ ఇటూ కాస్త ఎడంగా రెండు చిన్న పొడుగు బల్లలు అని రాజీ కుదిరింది. గుండ్రాన్ని చూసుకుని ఒకరు తృప్తి పడొచ్చు, పక్క బల్లల్ని చూసుకుని ఇంకొకరు. మనం పగలబడి నవ్వాం. వడ్రంగిని పిలిస్తే ఒక పూటలో తేలే పని అన్నాం. దక్షిణ వియత్నాం తరఫున మాట్లాడే హక్కు ఎవరిదన్న దాని మీదే ఆ యుద్ధమంతా నడుస్తోందనీ, కాబట్టి బల్లకు ఎన్ని వైపులన్నది అసలు తగువేననీ అప్పట్లో ఎవరైనా చెప్పబోయినా మనం విని ఉండేవాళ్లం కాదు. నవ్వుతున్నాం గదా.

సరే, లోపల జరిగేది చూపించరు. బయట కనిపించేదాన్నయినా శ్రద్ధగా చదువుకుందాం. 1985 నవంబర్‌లో జెనీవా చలిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ ఓవర్‌కోటు లేకుండా గుమ్మం బయటికొచ్చి నిలబడ్డారు. కారు దిగిన సోవియట్ నేత గోర్బచేవ్ కోటు, మఫ్లరు, టోపీతో ఉన్నారు. డెబ్బై నాలుగేళ్ల పెద్దాయన కోటు లేకుండా, యాభై నాలుగేళ్లాయన నిండా కప్పుకుని. ఇంకేం కావాలి? మొదటి రౌండు కోటు లేనివాడిదేనని తీర్పు వెలువడింది. ఎవరి దగ్గర ఎన్ని అణ్వాయుధాలున్నాయన్నది ఆ పూటకు అప్రస్తుతం. జలుబుకు ఎవరు భయపడలేదన్నదే ప్రధానాంశం.

ఇలా ఏళ్ల తరబడి చూసి చూసి ప్రేక్షకలోకం ఒక శాస్త్రీయ సూత్రం కనిపెట్టింది. ఒప్పందం అవుతుందో లేదో భోజనం చెబుతుంది. 2019 ఫిబ్రవరి 28న హనోయ్‌లో ట్రంప్, ఉత్తర కొరియా నేత కిమ్‌ల కోసం భోజనాల బల్ల సిద్ధం చేశారు. సంతకాల కార్యక్రమం కూడా ఆ రోజు షెడ్యూల్లో ఉంది. భోజనం జరగలేదు, సంతకాలూ జరగలేదు. 2025 ఆగస్టు 15న అలాస్కాలోని యాంకరేజ్‌లో ట్రంప్, పుతిన్ కలిశారు. ఎర్ర తివాచీ పరిచారు, యుద్ధవిమానాలు తలల మీదుగా ఎగిరాయి, ఇద్దరూ ఒకే కార్లో కూర్చుని వెళ్లారు, సుమారు మూడు గంటలు మాట్లాడుకున్నారు. తర్వాత ఉండాల్సిన భోజనం లేచిపోయింది. కాల్పుల విరమణా రాలేదు. విలేకరుల ముందుకొచ్చి, ఒక్క ప్రశ్న కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు. రెండు ఉదాహరణలతో సూత్రం రుజువైనట్టే. (ఒక్కదానితోనే రుజువు చేసేసే స్టూడియోలతో పోలిస్తే మనం రెట్టింపు కఠినంగా ఉన్నాం.)

దీనికి చారిత్రక మద్దతు కూడా ఉంది. నెపోలియన్ తర్వాత యూరప్ పటాన్ని సర్దడానికి 1814 శరత్తులో వియన్నాలో కూడినవాళ్లు విందులతో, నాట్యాలతో మరుసటి ఏడాది జూన్ దాకా గడిపారు. ఈ సభ చిందులేస్తోంది గానీ నడవడం లేదని ఆ రోజుల్లోనే ఎగతాళి పుట్టింది. అయితేనేం, 1914 దాకా యూరప్ మొత్తాన్ని చుట్టుకునే యుద్ధం మళ్లీ రాలేదు. తొమ్మిది నెలల విందుకు తొంభై తొమ్మిదేళ్లు. నెలకు పదకొండేళ్ల చొప్పున గిట్టింది. ఈ లెక్క తెలిసి కూడా భోజనం మధ్యలో ఎత్తేసేవాళ్లను ఏమనాలి?

ఫలహారానికి మాత్రం ఈ సూత్రం వర్తించదు. 2001 జూలై 16 ఉదయం ఆగ్రాలో, వాజ్‌పేయితో చర్చలు ఇంకా నడుస్తుండగానే, ముషారఫ్ భారతీయ పత్రికల సంపాదకులను ఫలహారానికి పిలిచారు. ఆ మాటలు టీవీల్లో వచ్చేశాయి. రెండు దేశాల జనం ఇళ్లలో కూర్చుని చర్చల్లో పాల్గొన్నంత పని చేశారు. ఉమ్మడి ప్రకటన ముసాయిదాలు అటూ ఇటూ తిరిగి తిరిగి అలిసిపోయాయి. రాత్రి బాగా పొద్దుపోయాక ముషారఫ్ విమానమెక్కారు, ప్రకటన ఆగ్రాలోనే ఉండిపోయింది. కనుక సూత్రానికి సవరణ: భోజనం తప్పనిసరి, టిఫిను ప్రమాదకరం.

స్మారక నాణెం గురించి ఒక్క మాట. 2018 మేలో, సింగపూర్ భేటీకి మూడు వారాల ముందు, వైట్‌హౌస్ తరఫున ట్రంప్, కిమ్ ముఖాలు ఎదురెదురుగా ఉన్న శాంతి చర్చల నాణెం బయటికొచ్చింది. అది వచ్చిన రోజుల వ్యవధిలోనే, మే 24న, భేటీ రద్దు చేస్తున్నట్టు ట్రంప్ కిమ్‌కు ఉత్తరం రాశారు. తర్వాత మళ్లీ సరేనన్నారు, జూన్ 12న కలిశారు. నాణేన్ని చూసి కొందరు వెక్కిరించారు గానీ నాకైతే అందులో తప్పు కనిపించలేదు. జరిగినదాన్ని ఎవరైనా స్మరించుకుంటారు. జరగబోయేదాన్ని, జరగకపోవచ్చుననుకున్నదాన్ని కూడా ముందే స్మరించుకోవడానికి దూరదృష్టి కావాలి.

ప్రేక్షకుణ్ణి పూర్తిగా తృప్తిపరిచిన భేటీలు లేకపోలేదు. వాటి ఊసెత్తకపోతే కృతఘ్నులమవుతాం. 1807 జూన్ 25న టిల్సిట్ దగ్గర, నెమాన్ నది నడుమ, తెప్ప మీద నెపోలియన్, రష్యా జార్ అలెగ్జాండర్ కలుసుకున్నారు. తెప్ప మీద అలంకరించిన మంటపం, రెండు ఒడ్డులా రెండు సైన్యాలు, మధ్యలో కౌగిలింత. ఇంతకన్నా అందమైన దృశ్యం ఇన్ని కెమెరాలొచ్చాక కూడా ఎవరూ తీయలేకపోయారు. అయిదేళ్లకు ఒక్క రోజు తక్కువగా, 1812 జూన్ 24న, నెపోలియన్ లక్షల సైన్యంతో అదే నది దాటి రష్యా మీద పడ్డాడు.

మ్యూనిక్ ఇంకా గొప్పది. 1938 సెప్టెంబర్ 30న బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్ లండన్‌లో విమానం దిగి, హిట్లర్ సంతకమున్న శాంతి కాగితాన్ని గాల్లో ఊపాడు. జనం వీధుల్లో బారులు తీరారు. రాజు పిలిచి రాజభవనం బాల్కనీలో పక్కన నిలబెట్టుకున్నాడు. ఉత్తరాలు, కానుకలు వెల్లువెత్తాయి. అటు పారిస్‌లో దిగుతున్న ఫ్రెంచి ప్రధాని దలాదియే విమానాశ్రయంలో జనసముద్రాన్ని చూసి, తనను కొట్టడానికే వచ్చారనుకున్నాడట. తీరా చూస్తే పూలు, జేజేలు. అప్పుడాయన పక్కనున్నవాళ్లతో ఆ జనాన్ని ఉద్దేశించి అన్నాడని చెప్పే మాట ఇక్కడ అచ్చు వేయదగింది కాదు. ప్రేక్షకుల పట్ల నాయకులకు ఎంత గౌరవమో దాన్నిబట్టే తెలుస్తుంది. మరుసటి మార్చిలో హిట్లర్ ప్రాగ్‌లో ఉన్నాడు, సెప్టెంబర్ 1న పోలండ్‌లో. అయినా మన తృప్తికి వంక పెట్టకండి. పదకొండు నెలల పాటు అది నిఖార్సైన తృప్తి.

టిల్సిట్‌లోనూ మ్యూనిక్‌లోనూ ఒక చక్కని ఏర్పాటు ఉంది, ఇప్పటి నిర్వాహకులు కూడా దాన్ని మరువలేదు. తెప్ప మీద తేలబోయేది జర్మన్ రాజ్యం ప్రష్యా భవితవ్యం. ప్రష్యా రాజు మొదటి రోజు ఒడ్డున నిలబడి ఉన్నాడు. మ్యూనిక్‌లో కోసి పంచింది చెకొస్లొవేకియాను. ఆ దేశ ప్రతినిధులు హోటల్లో కూర్చుని కబురు కోసం ఎదురుచూశారు. యాంకరేజ్‌లో మాట్లాడింది ఉక్రెయిన్ యుద్ధం గురించి. ఉక్రెయిన్ అధ్యక్షుడికి కుర్చీ లేదు. ఇందులో దాపరికమేమీ లేదు. ఎవరి నేల గురించి మాట్లాడుకుంటున్నారో వాళ్లను కూడా లోపలికి రానిస్తే ఫొటో ఇరుకవుతుంది. పైగా వాళ్లు మాటిమాటికీ అడ్డుతగులుతారు, భోజనం చల్లారిపోతుంది. ఒడ్డున నిలబడ్డవాడి బాడీ లాంగ్వేజ్ మీద ఏ విశ్లేషకుడైనా ఒక్క నిమిషం ఖర్చు పెట్టగా మీరెప్పుడైనా విన్నారా?

ఇక ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్. దాన్ని క్షమించడం నావల్ల కాదు. 1986 అక్టోబర్ 11, 12. సముద్రం ఒడ్డున హోఫ్డి హౌస్ అనే తెల్లటి ఇల్లు. అందులో దయ్యం తిరుగుతుందని ప్రతీతి. రీగన్, గోర్బచేవ్ అణ్వాయుధాలన్నీ ఎత్తేద్దామన్న దాకా వెళ్లారు. తీరా అంతరిక్షంలో క్షిపణుల అడ్డుగోడ కడతానన్న రీగన్ పథకం దగ్గర బండి ఆగింది. దాని పరీక్షలు ప్రయోగశాల దాటి బయటికి రాకూడదని గోర్బచేవ్, ఆ షరతుకు ఒప్పుకోనని రీగన్. తెగిపోయింది. చీకటి పడ్డాక కారు దగ్గర ఇద్దరి మొహాలూ చూశాం. కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. మన కర్తవ్యం మనం వెంటనే నెరవేర్చాం. విఫలమన్నాం, ఇక అంతే సంగతులన్నాం, పిల్లల భవిష్యత్తు తలుచుకుని కుమిలిపోయాం.

ఏడాది తిరిగింది. 1987 డిసెంబర్ 8న అదే ఇద్దరూ వాషింగ్టన్‌లో కూర్చుని మధ్యశ్రేణి అణు క్షిపణులను మొత్తానికి మొత్తంగా రద్దు చేస్తూ సంతకాలు పెట్టేశారు. 1991 నాటికి 2,692 క్షిపణులు తుక్కయ్యాయి. దానికి పునాది పడింది రేక్యవిక్‌లోనేనని ఆ తర్వాత చెప్పారు. రేక్యవిక్‌లో ఆ రెండు రోజుల నడుమ రాత్రి, నాయకులు నిద్రపోయాక, అమెరికా తరఫున డెబ్బై తొమ్మిదేళ్ల పాల్ నిట్జ్, సోవియట్ మార్షల్ అఖ్రొమేయెవ్ తమ బృందాలతో తెల్లవార్లూ కూర్చుని ఆయుధాల లెక్కలు తేల్చారట. వాళ్లిద్దరూ ఎన్ని సెకన్లు చేతులు కలిపారో ఎక్కడా రికార్డు లేదు. మరి మన శోకం ఏమైనట్టు? ఏడ్చిన ఏడుపు వెనక్కొస్తుందా? మొహాలు అలా మాడ్చుకుని, లోపల పని మాత్రం చక్కబెట్టుకోవడం ప్రేక్షకుణ్ణి మోసగించడం కాదా? ఆ ఒప్పందం 2019 ఆగస్టులో కన్నుమూసింది. అప్పుడు భేటీ లేదు, తివాచీ లేదు, మూసిన తలుపు అంతకన్నా లేదు. చూడ్డానికేమీ లేదు కనుక మనమూ చూడలేదు.

అమెరికా అధ్యక్షుల విడిది క్యాంప్ డేవిడ్‌ది ఇంకో రకం దౌర్జన్యం. 1978 సెప్టెంబర్ 5 నుంచి 17 దాకా, పదమూడు రోజులు, అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌ను, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్‌ను అడవిలో పెట్టి విలేకరులను గేటు బయటే ఆపేశారు. మొదటి రెండు మూడు రోజులకే సాదత్, బెగిన్ ఒకరి మొహం ఒకరు చూడలేని స్థితికొచ్చారు. ఇక కార్టరే కాగితాలు పట్టుకుని ఈ కుటీరానికీ ఆ కుటీరానికీ తిరిగారు. బెగిన్ మూట సర్దుకోబోతే, ఆయన మనవల పేర్లు ఒక్కొక్కటీ రాసి సంతకాలు చేసిన ఫొటోలు తీసుకెళ్లి చేతిలో పెట్టారు. బెగిన్ ఆ పేర్లు చదువుకుని మెత్తబడ్డారు. 1979 మార్చి 26న శాంతి ఒప్పందమైంది, ఇప్పటికీ నిలిచే ఉంది. అంతా బాగానే ఉంది. ఎదురెదురుగా కూర్చోకుండానే కుదిరిన శాంతికి మనం ఏ క్షణాన చప్పట్లు కొట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మనకు శాంతి అక్కర్లేదా అంటే, ఎందుకక్కర్లేదు? తప్పకుండా కావాలి. అవతలివాడు తప్పొప్పుకుని, తీసుకున్నదంతా తిరిగిచ్చి, తలవంచి నిలబడితే శాంతికి మనమెప్పుడూ సిద్ధమే. మనవాడు అంగుళం ఇచ్చి వస్తే మాత్రం దాన్ని ద్రోహమంటారు. గట్టిగా మాట్లాడి రావాలి, సంధి చేసుకుని రావాలి, ఏమీ ఇవ్వకుండా రావాలి. కృష్ణుడంతటివాడు అయిదూళ్లు చాలునని కౌరవసభలో అడిగి వట్టి చేతులతో వెనుదిరిగాడు. అయినా సభికులకు విశ్వరూపమైనా దక్కింది గనక ఆ రాయబారాన్ని మనం ఇప్పటికీ మెచ్చుకుంటాం. సంధి కుదిరి ఉంటే తర్వాతి కథేముంది, ఎవరు వింటారు? ఇచ్చి వచ్చినవాళ్ల గతి వేరు. సాదత్‌ను 1981 అక్టోబర్ 6న సైనిక కవాతులో సొంత సైనికులే కాల్చేశారు. పాలస్తీనీయులతో ఓస్లో ఒప్పందం కుదుర్చుకున్న ఇజ్రాయెల్ ప్రధాని రబిన్‌ను 1995 నవంబర్ 4న శాంతి సభ ముగించుకుని వస్తుండగా సొంత దేశస్థుడే కాల్చాడు. ప్రేక్షకుల్లో కొందరు తమ అభిప్రాయాన్ని కాస్త ఘాటుగా చెబుతారు, అంతే. అధినేతలు బయటికొచ్చి అంతా సానుకూలంగా జరిగిందని మాత్రమే చెప్పి, ఏం జరిగిందో చెప్పకుండా ఎందుకు తప్పుకుంటారో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

చివరగా కొరియా కేసు విచారణకు నోచుకోవాలి. కొరియా యుద్ధాన్ని ఆపడానికి 1951 జూలై 10న కేసాంగ్‌లో చర్చలు మొదలైనప్పుడు ఐక్యరాజ్యసమితి బృందం నాయకుడు అడ్మిరల్ జాయ్‌ను ఎదుటివాళ్లయిన ఉత్తర కొరియా, చైనా ప్రతినిధులకన్నా దిగువన ఉండేట్టు పొట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన కుర్చీ మార్పించుకున్నాడు, అప్పటికే ఫొటోలు తీసేసుకున్నారు. ఈయన బల్ల మీద చిన్న జెండా పెడితే, అవతలివాళ్లు అంతకన్నా ఎత్తు జెండా తెచ్చి పెట్టారు. ఇక్కడి దాకా ప్రమాణాలు చక్కగా పాటించారు. తర్వాతే దిగజారింది. రెండేళ్లకు పైగా సాగదీసి, 158 సమావేశాలయ్యాక, 1953 జూలై 27న పన్‌మున్‌జోమ్‌లో ఐక్యరాజ్యసమితి తరఫున జనరల్ హారిసన్, ఉత్తర కొరియా తరఫున జనరల్ నామ్ ఇల్ చెరో బల్ల ముందు కూర్చుని, ఒక్క మాటైనా మాట్లాడుకోకుండా పది పన్నెండు నిమిషాల్లో కట్టల కొద్దీ ప్రతుల మీద సంతకాలు పెట్టి, చేతులు కలపకుండా ఎవరి దారిన వాళ్లు లేచిపోయారు. శాంతి ఒప్పందం ఇప్పటికీ లేదు. ఉన్నది ఆ కాల్పుల విరమణ కాగితమే. అడపాదడపా కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. పూర్తిస్థాయి యుద్ధం మాత్రం మళ్లీ రాలేదు. కోటు ఎవరు వేసుకున్నారో, చెయ్యి ఎవరిది పైనుందో చర్చించుకునే అవకాశమే ఇవ్వకుండా, భోజనం ఊసే లేకుండా తయారైన కాగితం డెబ్బై ఏళ్లు దాటి ఎలా నిలబడిందో తేల్చడానికి బాడీ లాంగ్వేజ్ నిపుణులతో తక్షణం ఒక ఉన్నతస్థాయి కమిటీ వెయ్యాలని ప్రేక్షకుల తరఫున డిమాండ్ చేస్తున్నాను. కమిటీ సభ్యులు గదిలో ఎటు వైపు కూర్చోవాలన్నది ముందుగా బల్ల ఆకారం తేలాక చూసుకోవచ్చు.